మెక్సికో సిటీ, మధ్యాహ్నం 1:14

సైరన్ మోగుతోంది. పెన్ను కింద పెట్టు. లే.

భయం లేదు, ఇది రిహార్సల్. మాయెస్త్రా పొద్దున్నే చెప్పింది. పంతులమ్మని ఇక్కడ మాయెస్త్రా అంటారు. ఈ రోజు 2017 సెప్టెంబరు 19, మంగళవారం. 1985లో ఇదే తేదీన పొద్దున 7:19కి, దాదాపు 8 తీవ్రతతో వచ్చిన భూకంపం మెక్సికో సిటీలో వేలమందిని బలి తీసుకుంది. అందుకే ఆ తేదీన ఊరంతా ఇలా ఒక్కసారిగా బయటికొచ్చి నిలబడుతుంది. గోడ గడియారం చూడు. పొద్దున సరిగ్గా 11.

ముందు వరస కదిలింది. నువ్వు వాళ్ల వెనక. బ్యాగు వదిలెయ్, ఫోను జేబులో ఉంటే చాలు. మెట్లు దిగుతుంటే నీ పక్కనున్న అమ్మాయి మూడు ముక్కలు పాటలా అంటోంది: పరిగెత్తను, అరవను, తొయ్యను. ఇక్కడి పిల్లలకి ఇవి నర్సరీలోనే కంఠతా వస్తాయి. నువ్వు హైదరాబాదులో పెరిగావు. అక్కడ కాళ్ల కింద ఉండేది దక్కన్ రాయి. భూకంపమంటే నీకు టీవీలో చూసే వార్త.

ఈ నెల 7 దాకా అంతే. ఆ రాత్రి 11:49కి దూరాన చియాపాస్ తీరంలో 8.2 తీవ్రతతో భూమి కదిలింది. ఇక్కడ ముందుగా వీధి స్తంభాల మీది స్పీకర్లు మోగాయి. జనం నైటీల మీద శాలువాలు కప్పుకుని, పిల్లల్ని ఎత్తుకుని మెట్లు దిగారు. నువ్వూ దిగావు. అందరూ రోడ్డు మీదికి చేరాకే నేల ఊగింది. ఆ రాత్రి నీకో ధైర్యం వచ్చింది: ముందు సైరన్ మోగుతుంది, దిగడానికి నిమిషం దొరుకుతుంది, తర్వాతే భూమి కదులుతుంది.

ఆ ధైర్యం ఇంకో రెండు గంటలు నిలుస్తుంది.

ఆవరణలో పచ్చ బోర్డు ఉంది. నాలుగు మూలల నుంచి నాలుగు బాణాలు మధ్యకి చూపిస్తున్నాయి. అందరూ చేరే చోటు అదే. చుట్టూ నల్లటి బండలు. చెయ్యి పెట్టి చూడు, గరుకుగా, చిల్లులు చిల్లులుగా ఉన్నాయి. దాదాపు 1,700 ఏళ్ల కిందట షిత్లే అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి ఇలా అయింది. ఉనామ్ విశ్వవిద్యాలయ ప్రాంగణాన్ని ఈ లావా మీదే కట్టారు. విదేశీయులకి స్పానిష్ నేర్పడానికి 1921లోనే వేసవి బడి తెరిచిన విశ్వవిద్యాలయం ఇది. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ మొదలుపెట్టిన నువ్వు, ఆ భాషలో బతికి చూడాలని ఇంత దూరం వచ్చావు.

"ఇది గట్టి నేల, ఇక్కడ పెద్దగా ఊగదు," అంటోంది మాయెస్త్రా. "నువ్వుండేది ఎక్కడ?"

"రోమాలో."

ఆవిడ ముఖంలో నవ్వు తగ్గింది. "రోమా సరస్సు మీద ఉంది. జాగ్రత్త."

రోమా ఊరి నడిబొడ్డున ఉన్న పేట. నువ్వు రోజూ చూసేది చెట్లున్న వీధులు, కాఫీ కొట్లు, పాత మేడలు. సరస్సు ఎక్కడుంది? అడుగు, చెబుతుంది. అస్తెకులు తెస్కోకో సరస్సులో ఒక దీవి మీద తెనోచ్తిత్లాన్ నగరం కట్టుకున్నారు. 1521లో స్పెయిన్ సేనలు దాన్ని పట్టుకున్నాయి. తర్వాత వందల ఏళ్లపాటు ఆ నీళ్లు బయటికి తోడేస్తూ వచ్చారు. అడుగున మిగిలిన మెత్తటి బంకమట్టి మీద ఇప్పటి నగరం లేచింది. ఎక్కడో పుట్టిన కంపం ఆ మట్టిలోకి రాగానే ఎన్నో రెట్లు పెరుగుతుంది. పళ్లెం అంచు తడితే మధ్యలో జున్ను ముక్క ఊగినట్టు ఊరు ఊగుతుంది.

రిహార్సల్ అయిపోయింది. కబుర్లు చెప్పుకుంటూ మళ్లీ క్లాసులోకి.

బోర్డు మీద ఈ రోజు పాఠం ఆజ్ఞలు. ఎదుటివాళ్లకి పని చెప్పేటప్పుడు స్పానిష్ క్రియ రూపు మారుతుంది. చనువున్నవాళ్లకి ఒకటి, గౌరవించాల్సినవాళ్లకి ఇంకొకటి. చనువు రూపంలో నియమం తప్పేవి ఎనిమిది: వెన్, సాల్, పోన్, తెన్, ఆస్, దీ, వే, సే. రా, బయటికి నడు, పెట్టు, పట్టుకో, చెయ్యి, చెప్పు, వెళ్లు, ఉండు. నోట్సులో నిలువుగా రాసుకుంటున్నావు. పరీక్షలో తప్పకుండా వస్తాయి. ఇంటి పని కూడా ఇచ్చారు: మీ ఇంటికి రావాల్సిన చుట్టానికి దారి చెబుతూ పది వాక్యాలు.

కోపిల్కో స్టేషన్లో మెట్రో ఎక్కు. మూడో లైను. ఆడవాళ్ల పెట్టెలో సీటు దొరికింది. దిగి నాలుగు వీధులు నడిస్తే ఇల్లు. లిఫ్టు లేని పాత బిల్డింగు, నువ్వుండేది నాలుగో అంతస్తు. గుమ్మం పక్కన బూట్లు విప్పావు. ఇక్కడివాళ్లు ఇంట్లోనూ బూట్లతోనే తిరుగుతారు, నీకు మాత్రం చేతకాదు. ఇంటావిడ దానికి అలవాటు పడిపోయింది. అరవై దాటిన మనిషి. నువ్వు ఆవిడని సెన్యోరా అంటావు. ఆవిడ నిన్ను మీహా అంటుంది, అమ్మాయీ అని.

వంటింట్లో టమాటా రసంలో సేమ్యా ఉడుకుతోంది. గుడ్డలో చుట్టిన తోర్తియాలు వేడిగా ఉన్నాయి. కూర్చో. ఆకలేస్తోంది. గడియారంలో ఒంటిగంటా పద్నాలుగు.

కింది నుంచి ఒక్క పోటు.

కుర్చీ నిన్ను ఎత్తి వదిలింది. కింద లారీ ఏదైనా వెళ్లిందా?

ఇంకో పోటు. లారీ కాదు.

సైరన్ ఏది? మోగలేదే. అది మోగకుండా భూమి కదలదు కదా. నువ్వు కిటికీ వైపు చెవి పెట్టి కూర్చున్నావు. కూర్చోకు. లే!

మూడో పోటు. ఇప్పుడు మోగింది. "ఆలెర్తా సిస్మికా! ఆలెర్తా సిస్మికా!" గోడలు అప్పటికే పక్కకి ఊగుతున్నాయి. అల్మరా తలుపులు తెరుచుకున్నాయి. పళ్లేలు జారుతున్నాయి.

ఎదురుగా వీధి తలుపు. పదడుగులు. దాటితే మెట్లు. పరిగెత్తమంటున్నాయి కాళ్లు.

"వెన్!"

సెన్యోరా. హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న లావుపాటి స్తంభాన్ని కరుచుకుని నిలబడింది. ఒక చెయ్యి నీకేసి చాచింది.

"వెన్! వెన్!"

మెట్లా? స్తంభమా?

రా అంటోంది. వెళ్లు.

నేల లేదు. ఉంది. లేదు. రెండడుగుల్లో ఒకసారి పడ్డావు. ఆవిడ చొక్కా పట్టి లాగింది. వీపు స్తంభానికి ఆన్చు. తల దించు. చేతులు మెడ మీద.

దీపం తెగింది. గాజు పగిలింది. పగులుతూనే ఉంది. గోడలోంచి మూలుగు. సున్నం రాలుతోంది. నోట్లో మన్ను. సెన్యోరా ప్రార్థన గొణుగుతోంది. నీ నోట అమ్మా అని వస్తోంది. తెలుగులో. ఆగదా ఇది? ఆగదు. ఊగుతోంది. ఇంకా. ఇంకా.

ఆగింది.

చెవుల్లో హోరు. తర్వాత కార్ల అలారాలు, కుక్కల అరుపులు, కింద ఎక్కడో ఒక పిల్ల ఏడుపు. కళ్లు తెరు. టేబులు గది అవతలి గోడ దగ్గరుంది. సేమ్యా నేల మీద ఉంది. సెన్యోరా అప్పుడే పొయ్యి కట్టేసి, గ్యాస్ మరను కూడా తిప్పేసింది. ఆవిడ చేతులు వణుకుతున్నాయి, చేసే పని మాత్రం తప్పట్లేదు. 1985లో కూడా ఆవిడ ఈ ఊళ్లోనే ఉంది.

పాస్‌పోర్టు! నీ గదిలో, సొరుగులో ఉంది. లాప్‌టాప్ మంచం మీద ఉంది. గది తలుపు దాకా వెళ్లావు. లోపలి గోడ మీద మూల నుంచి మూలకి పగులు, అడ్డంగా ఇంకో పగులు. ఎక్స్ ఆకారంలో. వేలు దూరేంత. ఆ గోడ కింద ఉంది సొరుగు. ఎంతసేపు పడుతుంది? పది సెకన్లు? మళ్లీ కదిలితే?

"సాల్!" అని కేక. బయటికి నడు.

పాస్‌పోర్టు ఇంకొకటి ఇస్తారు. వదిలెయ్.

"సపాతోస్!" ఆవిడ వేలు నీ పాదాల వైపు చూపిస్తోంది. బూట్లు. హాలంతా గాజు పెంకులు. ఒక పెంకు నీ మడమలో అప్పుడే దిగింది, నొప్పి ఇప్పుడు తెలుస్తోంది. పీకు. బూట్లు తొడుక్కో. లేసులు తర్వాత.

తలుపు బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి గుంజితే వచ్చింది. మెట్ల మీదికి రాగానే తెలిసింది ఆవిడ నిన్ను ఎందుకు పరిగెత్తనివ్వలేదో. మెట్ల వరస గోడ నుంచి ఎడంగా జరిగింది. చేతి కడ్డీ ఊడి కిందికి వేలాడుతోంది. రెండు మెట్లు అసలు లేవు. భవనం ఊగేటప్పుడు అన్నిటికంటే ముందు దెబ్బతినే చోట్లలో మెట్లు ఒకటి. పై అంతస్తుల్లో ఉండి, ముందుగా సైరన్ మోగకపోతే, బలమైన స్తంభం దగ్గర ముడుచుకోవడమే మేలని ఇక్కడ నేర్పేది అందుకే. నువ్వు పరిగెత్తి ఉంటే ఆ లేని మెట్ల మీద ఉండేదానివి.

గోడవైపు ఆనుకుని దిగు. ఒక్కొక్కటే.

మూడో అంతస్తు గుమ్మంలో ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. కదలట్లేదు. కళ్లు నీ మీదే ఉన్నాయి గానీ నిన్ను చూడట్లేదు. దాటిపోవచ్చు. వెనక ఎవరైనా వస్తారేమో. ఎవరూ రాకపోతే?

"వెంగా, సెన్యోర్. వెంగా కొన్మీగో." రండి సార్, నాతో రండి.

మాట దానంతటదే గౌరవ రూపంలో వచ్చింది. నోట్సు చూసి రాసింది కాదు. ఆయన నీ భుజం పట్టుకున్నాడు. కర్ర సెన్యోరా అందుకుంది. ముగ్గురూ దిగుతున్నారు. రెండు. ఒకటి. వెలుగు.

వీధి నిండా మనుషులు. ఎవరో నర్సు బట్టల్లో, ఎవరో సబ్బు నురగ తలతో, ఎవరో చేతిలో పిల్లితో. ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. గాలిలో ఘాటుగా గ్యాస్ వాసన. ఇక్కడి మేడల డాబాల మీద పెద్ద పెద్ద గ్యాస్ ట్యాంకులు ఉంటాయి, గొట్టాలు తెగి ఉంటాయి. "సిగరెట్ వద్దు! నిప్పు వద్దు!" వీధి పొడవునా అదే కేక. బేకరీ అతను బుట్ట పట్టుకుని వచ్చి నీ చేతిలో చిన్న రొట్టె పెట్టాడు. బోలియో. బెదిరిన మనిషికి ఇక్కడ ముందు బోలియో తినిపిస్తారు. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టాడు. తిను. ఎండు రొట్టె గొంతు దిగుతుంటే ఊపిరి అదుపులోకి వస్తోంది.

ఫోను తియ్. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఇంట్లో ఇప్పుడు రాత్రి దాదాపు పన్నెండు, అమ్మ పడుకుని ఉంటుంది. పొద్దున లేవగానే టీవీలో చూస్తే? ఫోన్ చెయ్యాలని ఉంది. చెయ్యకు. శిథిలాల కింద ఉన్నవాళ్లకీ ఇదే లైను కావాలి. ఒక్క మెసేజ్ చాలు: "అమ్మా, ఇక్కడ భూకంపం వచ్చింది. నాకేం కాలేదు. రోడ్డు మీద ఉన్నాను. ఫోన్లు కలవట్లేదు, కంగారు పడకు." ఒక టిక్కే పడింది.

సైరన్ ఎందుకు ముందు మోగలేదు? చుట్టూ అందరూ అదే అడుగుతున్నారు. పక్కనున్న కుర్రాడు చెబుతున్నాడు. హెచ్చరికకి వాడే పరికరాలు ఎక్కువగా పసిఫిక్ తీరం వెంట ఉన్నాయి. తీరంలో భూమి కదిలితే రేడియో సంకేతం కంపం కంటే ముందు ఊరు చేరుతుంది, ఆ తేడానే నీకు దొరికే నిమిషం. ఈసారి భూకంపం తీరంలో పుట్టలేదు. 120 కిలోమీటర్ల దూరంలో, ప్వెబ్లా, మొరేలోస్ రాష్ట్రాల సరిహద్దులో, 7.1 తీవ్రతతో లోలోపల పుట్టింది. సంకేతం, కంపం దాదాపు ఒకేసారి వచ్చాయి.

వీధి చివర చెట్ల పైన గోధుమరంగు దుమ్ము లేస్తోంది. మంట కాదు. ఏదో కూలింది.

జనం రెండుగా చీలారు. కొందరు పార్కు వైపు, కొందరు దుమ్ము వైపు. సెన్యోరా ముసలాయన పక్కన బెంచీ మీద కూర్చుంది. నీకేసి చూసింది. "వే," అంది. వెళ్లు.

నీకు ఇక్కడ ఎవరూ లేరు. నీ ఊరు కాదు. పార్కులో కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. అటు పరిగెడుతున్న వాళ్లలో నీ వయసు పిల్లలే ఎక్కువ. ఒకడి చేతిలో పార. ఒకమ్మాయి చేతిలో బట్టలుతికే బకెట్టు.

నడు.

ఆల్వారో ఒబ్రెగోన్ పెద్ద రోడ్డు, మధ్యలో చెట్ల వరస. మూల మీద ఒంటి అంతస్తు కొట్టు చెక్కు చెదరలేదు. దానికి కొంచెం దూరంలో నాలుగైదు అంతస్తుల మేడ పక్కకి ఒరిగింది. భూకంపం అలల్లో తేడా ఉంటుంది. 1985 నాటి కంపం నిదానమైన పెద్ద ఊపులతో వచ్చి, ఎత్తైన భవనాలని ఎక్కువగా కూల్చింది. ఈసారివి చిన్న, వేగమైన ఊపులు. నాలుగు నుంచి ఎనిమిది అంతస్తుల వాటికి గట్టిగా తగిలాయి. కూలినవి చాలావరకు 1985 తర్వాత వచ్చిన కట్టుదిట్టమైన నిబంధనలకి ముందు కట్టినవి.

286వ నంబరు. పొద్దున ఇది ఆఫీసు భవనం. ఇప్పుడు శ్లాబులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మధ్యలో కుర్చీల ఇనుప కాళ్లు, కాగితాలు, తెరల గుడ్డ. ఆ శ్లాబుల మధ్య మనుషులు ఉన్నారు.

"కదేనా! కదేనా!" అంటున్నారు. ఒక వరస కట్టండి. నువ్వు ఒక ఆటో మెకానిక్కుకీ ఒక డెంటిస్టుకీ మధ్య నిలబడ్డావు. ఒకమ్మాయి మార్కరుతో వచ్చింది. చెయ్యి చాపు. పేరు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు మోచేతి కింద రాస్తోంది. మందులు ఏవైనా పడవా? పడతాయి. ఎందుకు రాస్తోందో అడగక్కర్లేదు. నీ మీద ఏదైనా పడితే నువ్వెవరో తెలియాలి.

నిండిన బకెట్లు ఇటు, ఖాళీవి అటు. సూపర్ మార్కెట్ ట్రాలీల్లో కూడా రాళ్లు మోస్తున్నారు. పట్టుకో. అందించు. పట్టుకో. అందించు. వేళ్లు ఒరుసుకుపోతున్నాయి. డెంటిస్టు తన గ్లవ్స్‌లో ఒకటి నీకిచ్చింది. "నీళ్లు కావాలి!" పైనుంచి కేక. నువ్వు వెనక్కి అదే కేక వేస్తావు. "డాక్టరు!" నువ్వూ అంటావు. మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి వీధి చివరిదాకా వెళ్లి, నీళ్లు, డాక్టరు వచ్చేస్తున్నారు. రెండు నెలల కిందట బస్సు డ్రైవరుతో మాట్లాడటానికి భయపడ్డ గొంతు ఇది. ఇప్పుడు ఎవరూ నీ యాస వినట్లేదు. నీ మాట వింటున్నారు.

శిథిలాల మీద నారింజ రంగు దుస్తుల్లో కొందరు సందుల్లోకి పాకుతున్నారు. లోస్ తోపోస్. 1985లో ప్రభుత్వం చేతులెత్తేసిన చోట చేతులతో తవ్విన మామూలు కుర్రాళ్లు తర్వాత దళంగా నిలిచారు. వాళ్లే వీళ్లు.

పైన ఒక పిడికిలి లేచింది.

పక్కవాడు ఎత్తాడు. వాడి పక్కవాడు. వీధంతా. నువ్వూ ఎత్తు.

ఎవరూ కదలరు. పారలు ఆగాయి. దగ్గు వస్తే మింగు. లోపలి నుంచి గొంతు వినపడుతుందేమో అని పైన ఒక మనిషి చెవి శ్లాబుకి ఆన్చాడు.

నీ వెనక సందులో మోటారు సైకిల్ చప్పుడు. మందుల పెట్టెతో ఒకతను వస్తున్నాడు. అతనికి తెలీదు. వరసలో అతనికి దగ్గరున్నది నువ్వే. అరవకూడదు. పిడికిలి దించకుండానే రెండంగల్లో వెళ్లి అతని ముఖంలో ముఖం పెట్టు.

"ఆపాగే ఎల్ మోతోర్." ఇంజను ఆపండి.

ఆగింది. అతని పిడికిలి కూడా లేచింది.

నిశ్శబ్దం. మళ్లీ నిశ్శబ్దం.

పైన మనిషి చెయ్యి ఊపాడు. ఏదో విన్నాడు. చప్పట్లు లేవు, కేకలు లేవు. "కుబేతాస్!" బకెట్లు. వరస కదిలింది. ఇదివరకటి కంటే వేగంగా.

చీకటి పడుతోంది. గ్యాస్ వాసన మళ్లీ. ఎక్కువైంది. పక్క గోడలోంచి చిటపట. ఒక ఇటుక పడింది. ఇంకొకటి.

"ఫ్వేరా! ఫ్వేరా!"

బయటికి. బకెట్టు వదిలెయ్. వెనక్కి తిరుగు. పరిగెత్తాలని ఉందా? వద్దు. నీ ముందు అరవై మంది ఉన్నారు. ఒకరు పడితే అందరూ పడతారు. పరిగెత్తను. అరవను. తొయ్యను. పొద్దున దిగిన మెట్లు గుర్తున్నాయా? అదే నడక. డెంటిస్టు చెయ్యి పట్టుకో. నడు. నడు. రోడ్డు మధ్యకి. చెట్ల కిందికి.

గోడ నిలబడింది. పావుగంట తర్వాత మళ్లీ వరస కట్టండి అంటున్నారు. వెళ్లేవాళ్లలో నువ్వూ ఉన్నావు.

అర్ధరాత్రి దాటాక కొత్త జట్టు వచ్చి నీ చోటు తీసుకుంది. పార్కులో సెన్యోరా దుప్పటి పరిచి కూర్చుంది. ఇంజనీర్లు చూసేదాకా ఇంట్లోకి వెళ్లకూడదు. ఎవరో తమాలెస్, వేడి కాఫీ పంచుతున్నారు. ఫోనులో రెండు టిక్కులు పడ్డాయి. అమ్మ జవాబు: "నాన్న టీవీ ముందే కూర్చున్నారు. తిన్నావా?" తిన్నానని రాయి. నిజమే కదా. ఇక అప్పుడు ఏడవచ్చు.

తర్వాతి రోజుల్లో క్లాసులు లేవు. ఉనామ్ ఒలింపిక్ స్టేడియంలో సహాయ సామగ్రి కొండల్లా పేరుకుంటోంది. నువ్వు పాలపొడి ఒకవైపు, పసిపిల్లల డైపర్లు ఒకవైపు వేరు చేసి, అట్టపెట్టెల మీద స్పానిష్‌లో రాస్తావు. ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు విద్యార్థులు హెల్మెట్లు పెట్టుకుని ఇల్లిల్లూ పరీక్షిస్తున్నారు. బడి మళ్లీ తెరిచాక మాయెస్త్రా ఇంటి పని అడగలేదు. మీరు ఎక్కడున్నారు, ఏం విన్నారు, ఏం చెప్పారు, చెప్పండి అంది. ఒక్కొక్కరూ లేచి చెబుతున్నారు. ఎవరూ పుస్తకం తెరవలేదు.

ఆ భూకంపం 369 మందిని తీసుకుపోయింది. అందులో 228 మంది మెక్సికో సిటీ వాళ్లు. ఆల్వారో ఒబ్రెగోన్ 286లోనే 49 మంది చనిపోయారు, అక్కడి చివరి మృతదేహం అక్టోబరులో గానీ దొరకలేదు. 2022లో అదే సెప్టెంబరు 19న, రిహార్సల్ ముగిసిన గంటలోపే, మెక్సికోలోని మిచోవాకాన్‌లో 7.7 తీవ్రతతో మళ్లీ భూమి కదిలింది. తేదీ కలవడం యాదృచ్ఛికం. జనం ఎలా దిగాలో ఎరిగి ఉండటం యాదృచ్ఛికం కాదు.

భాష నేర్చుకోవడానికి దేశం దాటబోతున్న అమ్మాయీ, అబ్బాయీ, ఒక్క మాట వినండి. కాఫీ ఎలా అడగాలో, టికెట్టు ఎలా కొనాలో పుస్తకం నేర్పుతుంది. ఆ నేల ఏం చేస్తుందో అక్కడి మనుషులే చెప్పాలి. అక్కడ వచ్చేది భూకంపమా, వరదా, తుఫానా, కార్చిచ్చా? హెచ్చరిక ఎలా మోగుతుంది? మీ ఇంట్లో బలమైన స్తంభం ఏది? అందరూ చేరే చోటు ఎక్కడ? అత్యవసర నంబరు ఏది? రా, ఆగు, వదిలెయ్, నాతో రండి అనే మాటలు నిద్రలో లేపినా నోటికి రావాలి. ఎందుకంటే ఆపద వచ్చిన పూట ఊరంతా మాట్లాడేది ఆ మాటలే. మీరు వాటిని అర్థం చేసుకుంటే బతుకుతారు. పలకగలిగితే ఇంకొకరిని బతికిస్తారు. వెళ్లిన మొదటి రోజే, పెట్టె సర్దుకోకముందే, పక్కింటి తలుపు తట్టి అడగండి: ఇక్కడ సైరన్ మోగితే ఎటు వెళ్లాలి?